చూడటానికో గ్రాఫు, చూపడానికో గ్రాఫు

1973లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ ఒక చిన్న వ్యాసంలో నాలుగు పట్టికలు ప్రచురించారు. ఒక్కో పట్టికలో పదకొండు జతల అంకెలున్నాయి. జతలో మొదటిది అడ్డు విలువ, రెండోది నిలువు విలువ. నాలుగు పట్టికల్లోనూ అడ్డు విలువల సగటు 9, నిలువు విలువల సగటు 7.5. ఆ రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే సహసంబంధ గుణకం నాలుగుచోట్లా సుమారు 0.82. ఈ జతల మధ్య నుంచి పోయేలా సరళరేఖ కట్టమంటే లెక్క ఇచ్చే రేఖ కూడా ఒకటే: అడ్డు విలువలో సగానికి 3 కలిపితే నిలువు విలువ వస్తుందని చెప్పే రేఖ. లెక్కలు చూసి ఊరుకునేవారికి ఇవి నాలుగూ ఒకే అచ్చులో పోసిన కొలతలు.

గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి చూస్తే నాలుగింటికీ పోలికే ఉండదు. మొదటి పట్టిక చుక్కలు రేఖకు అటూ ఇటూ మామూలుగా చెదిరి ఉంటాయి. రెండోదానివి విల్లులా వంగి, పైకి వెళ్లి కిందికి దిగుతాయి. అక్కడ సరళరేఖకు చోటే లేదు. మూడోదానిలో పది చుక్కలు బద్ద పెట్టి గీసినట్టు ఒకే వరుసలో నిలబడితే, ఒక్క చుక్క వేరుపడి రేఖను తన వైపు లాగుతుంది. నాలుగోది మరీ విచిత్రం. పది చుక్కలు ఒకే అడ్డు విలువ మీద నిట్టనిలువుగా పేరుకుని ఉంటాయి, దూరంగా ఒంటరిగా ఉన్న పదకొండో చుక్క మొత్తం సంబంధాన్ని తానే సృష్టిస్తుంది. దాన్ని తీసేస్తే చెప్పడానికి సంబంధమే మిగలదు.

కంప్యూటర్లు లెక్కలు చకచకా చేసిపెట్టడం మొదలైన రోజులవి. అంకెల లెక్క కచ్చితమనీ, బొమ్మ ఉజ్జాయింపనీ పరిశోధకుల్లో గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని కదిలించడానికే ఆన్‌స్కోంబ్ ఈ పట్టికలు తయారుచేశారు. సగటు, విచలనం, సహసంబంధం వంటివి కొలతల సారాంశాలు. ఏ సారాంశమైనా కొంత వదిలేస్తేనే సారాంశమవుతుంది. ఏం వదిలేసిందో అది చెప్పదు. చుక్కల పటం అన్ని కొలతలనూ ఒకేసారి కంటి ముందు పెడుతుంది కాబట్టి, ఎవరూ అడగని ప్రశ్నకు కూడా అందులో జవాబు కనబడవచ్చు. శాస్త్ర పరిశోధనలో గ్రాఫు చేసే అసలు పని ఇదే. పని పూర్తయ్యాక నివేదికకు అలంకారంగా అతికించే బొమ్మగా దాన్ని చూసేవారు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి అది దుర్భిణి, సూక్ష్మదర్శిని వరుసలో చేరాల్సిన పరికరం.

ఈ పరికరం ఆశ్చర్యం కలిగించేంత ఆలస్యంగా వచ్చింది. పటాలు, జ్యామితి చిత్రాలు వేల ఏళ్లుగా ఉన్నా, కొలిచిన అంకెలను గీత మీద పెట్టి చూడాలన్న ఆలోచన మనకు తెలిసినంతలో 17వ శతాబ్దం దాకా కనబడదు. 1644లో మైకేల్ వాన్ లాంగ్రెన్ అనే ఫ్లెమిష్ ఖగోళవేత్త స్పెయిన్‌లోని టొలెడోకూ రోముకూ మధ్య రేఖాంశ దూరం ఎంత అన్న విషయంలో పండితులు చెప్పిన పన్నెండు అంచనాలను ఒకే గీత మీద గుర్తించారు. అవి సుమారు 18 డిగ్రీల నుంచి 30 డిగ్రీల దాకా పరుచుకున్నాయి. పండితులు ఎంత తేడాగా మాట్లాడుతున్నారో స్పెయిన్ రాజుకు కళ్లకు కట్టి, రేఖాంశం లెక్కగట్టే తన కొత్త పద్ధతికి రాజాదరణ సంపాదించడం ఆయన ఉద్దేశం. అసలు దూరం 16 డిగ్రీల 30 నిమిషాలు. అంటే పన్నెండు గుర్తులూ నిజానికి ఒకే పక్కన ఉన్నాయి. కొలతలు ఎంత చెదిరాయో గ్రాఫు చూపగలదు. అన్నీ కలిసి ఒకే దిక్కుకు దారి తప్పితే ఆ సంగతి దానికీ తెలియదు. మొట్టమొదటి గణాంక చిత్రంలోనే ఈ బలం, ఈ బలహీనత రెండూ ఉన్నాయి.

ఇవాళ బడిపిల్లలు నేర్చుకునే రూపాల్లో చాలావరకు స్కాట్లాండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ చలవ. ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ దగ్గర నక్షాలు గీసే ఉద్యోగిగా పనిచేసిన ఆయన 1786లో ఇంగ్లండు ఎగుమతులు, దిగుమతులను కాలంతో పాటు సాగే రేఖలుగా గీశారు. స్కాట్లాండు విషయంలో ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. ఒక్క ఏడాదితో రేఖ ఎలా సాగుతుంది? అందుకని స్కాట్లాండుతో వ్యాపారం చేసే ఒక్కో దేశానికీ కమ్మీలు గీశారు. కమ్మీ రేఖాచిత్రం అలా సమాచారం చాలక పుట్టింది. ఆయన దాన్ని కాస్త తక్కువ రకంగానే భావించారు. 1801లో వృత్తాన్ని ముక్కలు చేసే చిత్రాన్నీ ఆయనే పరిచయం చేశారు.

ప్లేఫెయిర్ చిత్రాలు వ్యాపారానికీ రాజకీయానికీ సంబంధించినవి. శాస్త్రజ్ఞులు వాటిని తమ పనిముట్లుగా స్వీకరించడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1833లో జాన్ హెర్షెల్ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల పరిశీలనలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి, వాటి మధ్య నుంచి చేత్తో నున్నని వక్రరేఖ గీశారు. ఏ ఒక్క పరిశీలనా నమ్మదగినది కాకపోయినా, అన్నిటి మధ్యగా పోయే గీత ఒక్కొక్క దానికన్నా నిజానికి దగ్గరగా ఉంటుందని ఆయన వాదన. పొరపాట్లను సర్దడంలో కన్నూ చెయ్యీ గణితానికి సాయం చేయగలవని అంత స్పష్టంగా చెప్పినవారు అంతకుముందు అరుదు.

ఒక గ్రాఫు ఏకంగా సిద్ధాంతాన్నే తేల్చేసిన సందర్భం 1913లో వచ్చింది. ఆవర్తన పట్టికలో మూలకాలను అప్పట్లో పరమాణు భారం ప్రకారం అమర్చేవారు. పరమాణు సంఖ్య అంటే ఆ వరుసలో క్రమసంఖ్య తప్ప మరేమీ కాదు. భారం లెక్కన చూస్తే నికెల్ ముందు, కోబాల్టు తర్వాత రావాలి. రసాయన గుణాలను బట్టి తిరగేసి పెట్టాలి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇంగ్లండులో హెన్రీ మోస్లీ అనే యువ భౌతిక శాస్త్రవేత్త ఒక్కో మూలకం వెలువరించే ఎక్స్ కిరణాల పౌనఃపున్యాన్ని కొలిచి, దాని వర్గమూలాన్ని ఒక అక్షం మీద, మూలకం క్రమసంఖ్యను మరో అక్షం మీద పెట్టారు. అల్యూమినియం నుంచి బంగారం దాకా చుక్కలు సరళరేఖల్లో కుదురుకున్నాయి. క్రమసంఖ్య బదులు పరమాణు భారం పెడితే ఆ నునుపు ఉండదు. క్రమసంఖ్య ఉత్త క్రమసంఖ్య కాదనీ, పరమాణు కేంద్రకంలోని ఆవేశాన్ని అది తెలుపుతుందనీ ఆ రేఖ చెప్పింది. కోబాల్టు 27, నికెల్ 28 అని కూడా తేల్చింది.

అంతకన్నా విశేషం రేఖ మీది ఖాళీలు. 43, 61, 75 స్థానాల్లో చుక్క పెట్టడానికి మూలకం లేదు. రేఖ మాత్రం అక్కడ ఏదో ఉండి తీరాలంటోంది. 75వది రీనియంగా 1925లో, 43వది టెక్నీషియంగా 1937లో, 61వది ప్రొమీథియంగా 1945లో దొరికాయి. వాటిని చూడటానికి మోస్లీ లేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి 1915 ఆగస్టులో గలిపోలి దగ్గర 27 ఏళ్లకే తూటాకు బలయ్యారు.

దాదాపు అదే కాలంలో డెన్మార్కుకు చెందిన ఎయ్‌నార్ హెర్ట్‌స్‌ప్రంగ్, అమెరికాకు చెందిన హెన్రీ నోరిస్ రసెల్ విడివిడిగా ఒకే రకం పటం గీశారు. నిలువునా నక్షత్రం అసలు కాంతి, అడ్డంగా దాని రంగు, అంటే ఉష్ణోగ్రత. నక్షత్రాలు పటమంతా పరుచుకోలేదు. అత్యధికం ఒక మూల నుంచి మరో మూలకు ఏటవాలు పట్టీలో చేరాయి, మన సూర్యుడితో సహా. చల్లగా ఉండి కూడా బ్రహ్మాండంగా వెలిగే భారీ నక్షత్రాలు ఒక పక్క గుంపుకట్టాయి. నక్షత్రం ఎలా మండుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. హైడ్రోజన్ హీలియంగా మారే ప్రక్రియ వివరాలు తేలడానికి 1930ల చివరిదాకా ఆగాల్సి వచ్చింది. ప్రశ్న ఏమిటో ముందుగా పటం చెప్పింది, సిద్ధాంతం తర్వాత వచ్చింది. ఆ పటం లేకుండా ఖగోళ భౌతిక శాస్త్ర పాఠం నేటికీ మొదలు కాదు.

ఇలాంటి గ్రాఫుల్లో సామాన్యులకు బాగా తెలిసింది చార్లెస్ డేవిడ్ కీలింగ్ పేరు మీద ఉన్న వక్రరేఖ. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద 1958 మార్చిలో ఆయన గాలిలో కార్బన్ డయాక్సైడును కొలవడం మొదలుపెట్టారు. తొలి కొలత పది లక్షల భాగాల్లో సుమారు 313. మొదటి సంవత్సరంలోనే రేఖ మే నెల దాకా పెరిగి, అక్టోబరు దాకా తగ్గింది. మరుసటి ఏడూ అంతే. భూమి మీది నేలలో ఎక్కువ భాగం ఉత్తరార్ధగోళంలో ఉంది. అక్కడ వసంతంలో చిగురించే చెట్టూ చేమా వాయువును పీల్చుకోవడం, శీతాకాలంలో అది తిరిగి గాలిలో కలవడం రేఖలో రంపపు పళ్లుగా కనబడుతోంది. పళ్లు ఏటేటా అలాగే ఉన్నాయి, రంపం మాత్రం పైకి లేస్తోంది. ఇప్పుడది 420 దాటింది. ఒకే గీతలో రెండు కథలు, ఒకటి ఏడాదిది, ఒకటి శతాబ్దానిది. సంవత్సర సగటులు మాత్రమే పట్టిక వేసి ఉంటే మొదటిది పోయేది.

ఇక్కడొక భేదం గమనించాలి. పరిశోధకుడు తాను చూడటానికి గీసుకునే గ్రాఫు వేరు, ఇతరులకు చూపడానికి గీసే గ్రాఫు వేరు. మొదటిది చిత్తుకాగితం లాంటిది. వందల్లో గీసి పారేస్తారు. రెండోది వాదన, ఒక్కటి ఉంటే చాలు. జనం నోట ఈ రెండూ తరచు కలగలిసిపోతాయి. లండన్ కలరా పటం విషయంలో జరిగింది అదే.

1854 ఆగస్టు 31 రాత్రి లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా విరుచుకుపడింది. జాన్ స్నో అనే వైద్యుడు మరణాలను పటం మీద గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడటం చూసి, పంపు పిడి తీయించి ఊరిని కాపాడాడన్నది అందరూ చెప్పుకునే కథ. జరిగిన వరుస వేరు. కలరా నీటి ద్వారా వస్తుందని స్నో 1849లోనే రాశారు. మరణాల జాబితా తెచ్చుకుని, ఇంటింటికీ తిరిగి ఏ నీళ్లు తాగారో ఆరా తీశారు. సెప్టెంబరు 8న పిడి తీశారు, అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టింది. ప్రసిద్ధమైన ఆ పటం తర్వాత తయారైంది, 1855లో అచ్చయింది. అంటే అది కనుక్కోవడానికి గీసింది కాదు, ఒప్పించడానికి గీసింది.

అంతమాత్రాన దాని విలువ తగ్గదు. ఒక్కో మరణానికి ఒక్కో నల్ల గీత చొప్పున ఇళ్ల ముందు పేర్చిన ఆ పటంలో గుంపు ఎంత ముఖ్యమో గుంపులో లేనివి అంత ముఖ్యం. పంపు పక్కనే ఉన్న బీరు తయారీ కేంద్రంలో డెబ్బై మందికి పైగా పనివారున్నా కలరాతో ఒక్కరూ చనిపోలేదు. వారు బీరు తాగేవారు, ఆ పంపు నీళ్లు ముట్టేవారు కారు. 535 మంది ఉన్న పేదల ఆశ్రమంలో అయిదుగురే చనిపోయారు, వారికి సొంత బావి ఉంది. మైళ్ల దూరాన హాంప్‌స్టెడ్‌లో చనిపోయిన ఒక వితంతువు మాత్రం ఆ పంపు నీటి రుచి మరిగి రోజూ తెప్పించుకునేది. స్నో వాదన మరణాల కుప్ప మీద కన్నా ఈ మినహాయింపుల మీద గట్టిగా నిలబడింది. 1858లో ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధ సైనికుల మరణాలను గీసిన రంగుల రెక్కల చిత్రం కూడా ఇటువంటిదే. తూటాల కన్నా నివారించదగిన రోగాలే ఎక్కువమందిని చంపాయని ఆమెకు ముందే తెలుసు, తెలియాల్సింది ప్రభుత్వానికి.

లేనివాటిని వదిలేస్తే ఏమవుతుందో 1986 జనవరిలో తెలిసింది. 28న ఏడుగురితో బయలుదేరిన చాలెంజర్ అంతరిక్ష నౌక 73 సెకన్లకే పేలిపోయింది. పక్కనున్న ఘన ఇంధన రాకెట్టు భాగాలను కలిపే చోట వాడిన రబ్బరు వలయాలు చలికి బిగుసుకుపోయి, వేడి వాయువును ఆపలేకపోయాయి. ఆ ముందురాత్రి ఇంజనీర్లకూ అధికారులకూ మధ్య ఇదే విషయం మీద టెలిఫోన్లో గంటల తరబడి వాదన నడిచింది. చలిలో ప్రయోగం వద్దని ఇంజనీర్లు. అందుకు ఆధారం చూపమని అధికారులు.

ముందు ప్రయోగాల్లో వలయాలు దెబ్బతిన్న సందర్భాలను ఇంజనీర్లు ముందుంచారు. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరిగిన ప్రయోగంలో దెబ్బ తీవ్రంగా ఉంది. అయితే 24 డిగ్రీల దగ్గర జరిగిన మరోదానిలోనూ దెబ్బ కనబడింది. చలిలోనూ తగిలింది, వేడిలోనూ తగిలింది, మరి చలికీ దీనికీ ఏం సంబంధమన్నారు అవతలివారు. దెబ్బ తిన్న ప్రయోగాలను మాత్రమే చూస్తే ఆ ప్రశ్న సబబుగానే తోస్తుంది. ఏ దెబ్బా తగలని ప్రయోగాల ఉష్ణోగ్రతలను కూడా అదే గ్రాఫు మీద పెడితే సంగతి వేరు. ప్రమాదం మీద విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ ఆ పని చేసింది. సుమారు 19 డిగ్రీలు, అంతకు పైన జరిగిన ఇరవై ప్రయోగాల్లో మూడింటిలోనే వలయాలు దెబ్బతిన్నాయి. 17 డిగ్రీలు, అంతకు తక్కువలో జరిగిన నాలుగింటిలో నాలుగూ దెబ్బతిన్నాయి. మర్నాటి ఉదయానికి చెప్పిన అంచనా గడ్డకట్టే స్థాయి కన్నా తక్కువ. గ్రాఫు మీద ఆ చోటు, చుక్కలన్నిటికీ ఎడంగా, ఎవరూ అడుగుపెట్టని మూలన ఉంటుంది.

సరైన గ్రాఫు ఉంటే ఏడు ప్రాణాలు దక్కేవని గణాంక చిత్రాల మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ 1997లో అన్నారు. ఆ ఇంజనీర్లలో కొందరు దీన్ని ఒప్పుకోలేదు. ఆ రాత్రి తమ చేతిలో ఉన్న సమాచారం వేరు, నిర్ణయం తమ చేతిలో లేదు అన్నారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. వినదలచుకోని అధికారిని ఏ గ్రాఫూ ఒప్పించలేదు. అయినా జరగనివాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న పాఠం చెప్పడానికి గణాంక తరగతుల్లో ఇంతకన్నా బలమైన ఉదాహరణ వాడరు.

గ్రాఫు మంచిదో కాదో చివరికి తేల్చేది కన్ను. 1984లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసే విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెగిల్ మనుషులకు బొమ్మలు చూపి, వాటి నుంచి విలువలను ఎంత సరిగా అంచనా వేస్తారో పరీక్షించారు. ఒకే కొలబద్ద మీది స్థానాలను పోల్చడంలో పొరపాట్లు అతి తక్కువ. పొడవులను పోల్చడం దాని తర్వాత. కోణాల దగ్గర, ఆ తర్వాత వైశాల్యాల దగ్గర తడబాటు పెరుగుతుంది, రంగు ముదురూ లేతా దగ్గర ఇంకా ఎక్కువ. వృత్తచిత్రం పత్రికల్లో ఎంత ముద్దొచ్చినా పరిశోధనా పత్రాల్లో అంతగా కనబడకపోవడానికి కారణం ఇదే. ముప్ఫై ఒకటి శాతం ముక్కనూ ముప్ఫై నాలుగు శాతం ముక్కనూ పక్కపక్కన పెడితే ఏది పెద్దదో చెప్పడం కష్టం. అవే రెండు కమ్మీలైతే చిన్నపిల్లలైనా చెబుతారు.

కమ్మీకీ దాని కష్టాలు దానికున్నాయి. విలువను చెప్పేది దాని పొడవు. కాబట్టి అక్షం సున్నా దగ్గరే మొదలవ్వాలి. మధ్యలో కోస్తే చిన్న తేడా కొండంతవుతుంది. రేఖల గ్రాఫుకు ఆ నియమం లేదు. కీలింగ్ రేఖను 310 దగ్గర మొదలుపెట్టి గీస్తే మోసం కాదు, ఎందుకంటే అక్కడ కన్ను చూసేది ఎత్తు కాదు, వాలు. అన్ని అక్షాలూ సున్నా నుంచే మొదలవ్వాలని పట్టుబట్టేవారు ఈ సంగతి మరిచిపోతారు.

జీవశాస్త్రంలో కమ్మీతో మరో చిక్కు. అయిదారు ఎలుకల కొలతలను ఒక కమ్మీగా, దాని నెత్తిన ఒక చిన్న మీసంగా చూపడం అక్కడ ఆనవాయితీ. 2015లో ఒక పరిశోధక బృందం శరీరధర్మ శాస్త్ర పత్రికల్లోని 703 వ్యాసాలు పరిశీలిస్తే, నూటికి 85కు పైగా వ్యాసాల్లో ఇలాంటి చిత్రం కనీసం ఒకటైనా కనబడింది. అయిదు ఎలుకలకూ సమానంగా పెరిగినా, నాలుగింటికి ఏమీ కాకుండా ఒకదానికి విపరీతంగా పెరిగినా కమ్మీ అదే ఎత్తు చూపవచ్చు. ఆన్‌స్కోంబ్ నలభై ఏళ్ల ముందు చెప్పినదాన్నే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కొలతలు తక్కువైతే ప్రతి చుక్కనూ చూపమని ఇప్పుడు చాలా పత్రికలు అడుగుతున్నాయి. మరీ ఎక్కువైతే జాన్ ట్యూకీ ప్రచారంలోకి తెచ్చిన పెట్టె చిత్రం ఉంది: పెట్టె మధ్య గీత మధ్యగతం, పెట్టెలో సగం కొలతలు, అటూ ఇటూ సాగే మీసాలు మిగతావి, మీసాలకు అందని చుక్కలు విడిగా. అన్నట్టు ట్యూకీ, ఆన్‌స్కోంబ్ తోడల్లుళ్లు. కొలతలను పరీక్షించే ముందు ఊరికే చూడమని శాస్త్రలోకానికి నేర్పినవారిద్దరూ ఒకే ఇంటి అల్లుళ్లు కావడం ఒక తమాషా.

కొలబద్ద ఎంపిక కూడా తెలిసి చేయాల్సిన పని. 2020లో కరోనా కేసుల గ్రాఫులు ఇంటింటికీ చేరినప్పుడు వాటిలో చాలావాటికి సంవర్గమాన కొలబద్ద వాడారు. అక్కడ 10 నుంచి 100కు ఎంత దూరమో 100 నుంచి 1000కీ అంతే దూరం. నియమిత కాలంలో రెట్టింపయ్యేది మామూలు కాగితం మీద నిటారుగా లేస్తుంది, ఈ కాగితం మీద సరళరేఖ అవుతుంది. రేఖ ఎక్కడ వంగిందో చూస్తే వ్యాప్తి ఎక్కడ నెమ్మదించిందో తెలిసిపోతుంది. అంటువ్యాధి నిపుణులకు ఇది కావలసిందే. అలవాటు లేని కంటికి మాత్రం ఏటవాలు గీత చూసి పరవాలేదనిపిస్తుంది. రంగుల విషయంలోనూ అంతే. ఇంద్రధనుస్సు రంగులతో గీసిన పటంలో పసుపు పట్టీ మిగతావాటికన్నా మెరిసి, లేని సరిహద్దును కల్పిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పాఠకులుంటారన్న ఆలోచన కూడా ఈమధ్యే బలపడింది.

భారతదేశం నుంచి ఈ రంగానికి వచ్చిన చేర్పుల్లో ఒకటి ఇప్పుడు అంతగా వినబడదు. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1960లో ప్రతిపాదించిన ఆ పద్ధతి జాతీయ నమూనా సర్వేల నుంచి పుట్టింది. కుటుంబాలను తలసరి ఖర్చు ప్రకారం వరుసలో నిలబెట్టి సమాన గుంపులుగా విభజించి, ఒక్కో గుంపు తిండిగింజల మీద ఎంత భాగం ఖర్చు పెడుతోందో చుక్క పెట్టి కలుపుతారు. కింది వర్గం నుంచి పై వర్గానికి ఆ రేఖ దిగుతూ పోతుంది. మహలనోబిస్ సర్వేను ఒకే ప్రాంతంలో రెండు స్వతంత్ర నమూనాలతో చేయించేవారు కాబట్టి ఒకటి కాదు, రెండు రేఖలు వస్తాయి. రెండింటి మధ్య చిక్కిన వైశాల్యమే సర్వేలోని పొరపాటు కొలత. రెండు వేర్వేరు సంవత్సరాల రేఖల మధ్య వైశాల్యం ఈ పొరపాటు వైశాల్యాల కన్నా బాగా ఎక్కువైతేనే మార్పు నిజమని నమ్మాలి. తన మీద తనకెంత నమ్మకమో చెప్పే గ్రాఫు ఇది. అంకెల్లో రాసే పొరపాటును చాలామంది చదవకుండా దాటేస్తారు. రెండు గీతల మధ్య నల్లని సందును దాటేయలేరు.

కాగితానికి రెండే దిక్కులు. ఒక్కో మనిషికి, ఒక్కో నక్షత్రానికి పదుల కొలతలుంటే ఏం చేయాలి? వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, మహలనోబిస్ దగ్గర చేరిన కల్యంపూడి రాధాకృష్ణ రావు ఈ ప్రశ్న మీద పనిచేసినవారిలో ముఖ్యులు. కేంబ్రిడ్జి మ్యూజియంలో సూడాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలతో కుస్తీ పడుతూ, జనసమూహాల మధ్య తేడాలను వీలైనంత తక్కువ నష్టంతో ఒకటి రెండు అక్షాల మీదికి దించే పద్ధతులను 1940ల చివర్లో ఆయన అభివృద్ధి చేశారు. ఎన్నో కొలతల నుంచి, తేడా బాగా కనబడే దిక్కును వెతికి పట్టుకుని, అటు నుంచి చూడటం ఇందులో కిటుకు. గోడ మీద చేతి నీడ పడినప్పుడు ఏ కోణంలో తిప్పితే అయిదు వేళ్లూ కనబడతాయో చూసుకున్నట్టు.

ఆ దారిలోనే 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రజ్ఞులు అమెరికా బృందంతో కలిసి గీసిన ఒక పటం మన చరిత్ర మీద చర్చను కదిలించింది. దేశంలోని 25 సమూహాల నుంచి 132 మంది డీఎన్ఏలో ఐదున్నర లక్షలకు పైగా చోట్ల తేడాలను పరిశీలించి, వాటిని రెండు అక్షాలకు దించారు. చెంచులు, వెలమలు, వైశ్యులు వంటి తెలుగు నేల సమూహాలూ అందులో ఉన్నాయి. భారతీయ సమూహాల్లో ఎక్కువ భాగం మేఘంలా గుమిగూడకుండా ఒక ఏటవాలు వరుసలో సాగాయి. రెండు పాత జనాభాలు వేర్వేరు పాళ్లలో కలిసి ఉంటేనే అలాంటి వరుస రాగలదని వారి వాదన, దానికి వేరే పరీక్షలు తోడయ్యాయి. తోడు అవసరం కూడా. ఈ రకం పటంలో అక్షాలకు ముందుగా అర్థమేమీ ఉండదు, ఏ సమూహం నుంచి ఎంతమందిని తీసుకున్నారన్న దాన్ని బట్టి ఆకారం మారవచ్చు. పటం దారి చూపుతుంది, రుజువు చేయదు.

మనిషి కంటికి మరో జబ్బుంది. మబ్బుల్లో ఏనుగును చూసినట్టు యాదృచ్ఛికంగా పడ్డ చుక్కల్లోనూ ఆకారం చూస్తుంది. చుక్కల్లో ఏదో కనబడిందని సిద్ధాంతం కట్టి, అవే చుక్కలతో దాన్ని రుజువు చేయడం పరిశోధనలో పాత పాపం. దీనికి 2009లో కొందరు గణాంక శాస్త్రవేత్తలు పోలీసుల గుర్తింపు పరేడును పోలిన పరీక్ష ఒకటి సూచించారు. అసలు కొలతలతో ఒక గ్రాఫు గీస్తారు. ఏ సంబంధమూ లేకుండా అంకెలను కలగాపులగం చేసి మరో పంతొమ్మిది గీస్తారు. ఇరవైనీ కలిపి, ఈ పరిశోధన గురించి ఏమీ తెలియని మనిషి ముందు పెట్టి, మిగతావాటికి భిన్నంగా ఉన్నది ఏదని అడుగుతారు. నిజంగా అందులో ఏమీ లేకపోతే ఆ మనిషి అసలుదాన్ని ఎత్తిచూపే అవకాశం ఇరవైలో ఒకటి. ఒకరి తర్వాత ఒకరుగా వేర్వేరు మనుషులు వచ్చి అదే బొమ్మ మీద వేలు పెడితే, ఆ ఆకారం చుక్కల్లో ఉన్నదేనని పరిశోధకులు ఒప్పుకుంటారు. సాధారణంగా పరిశోధకుడు తన గ్రాఫును తానే గుర్తుపట్టేస్తాడు కాబట్టి ఈ పరేడులో అతనికి చోటు లేదు.